నా బల్ల కింద దాచిన పదకొండు బ్యాగులు

మా షాపుల వరుసలో నాకు నోరెక్కువని పేరు. ముక్కు మీద కోపమని ఇంకో పేరు. తాళాలు బాగుచేసేవాడికి అంత నోరెందుకయ్యా అంటారు. రోజంతా ఇనుముతో కూర్చునేవాడు మనిషి కనిపిస్తే మాట్లాడక ఏం చేస్తాడు? సరే, ఆ నోటితోనే ఒక మనిషి పొట్ట కొట్టాను. ఈ మాట నన్నెవరూ అనలేదు. అనాల్సినావిడ అసలే అనలేదు. అందుకే నేనే చెప్పుకుంటున్నాను.

ఆవిణ్ణి అందరూ జిప్పులక్క అనేవాళ్ళు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. మా మేడ మెట్ల కింద, నిటారుగా నిలబడితే తల తగిలే చోట, ఇరవై రెండేళ్ళు బ్యాగులు కుట్టింది. తెగిన జిప్పులు, ఊడిన పిడులు, చినిగిన పట్టీలు, అన్నీ ఆవిడ దగ్గరికే. నా షాపుకీ ఆ మెట్ల కిందికీ మధ్య ఒక్క గోడ, అదీ నడుం ఎత్తే. దాని మీంచే మా టీలు, మా కబుర్లు, మా పోట్లాటలు. నన్ను తమ్ముడూ అనేది. సొంత అక్క కూడా నన్ను అన్ని తిట్లు తిట్టి ఉండదు.

ఆ చోటు చూస్తే మీకు నవ్వొచ్చేది. పైన మెట్ల వాలు, కింద రెండు చాపలంత నేల. గోడకి మేకులు, మేకులకి బ్యాగులు. జిప్పు మీద జారే బిళ్ళని రన్నర్ అంటారు, ఆ రన్నర్లన్నీ సైజుల వారీగా ఖాళీ మందు సీసాల్లో పోసి పెట్టుకునేది. ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. బ్యాగుల అరల్లో జనం మర్చిపోయినవన్నీ అందులో. ఉంగరం, పాస్ పుస్తకం, పాలపన్ను, ఎవరో ఎవరికో రాసి ఇవ్వని ఉత్తరం. అడగడానికి ఎవరూ రాకపోయినా ఒక్కటీ పారెయ్యలేదు.

రాయడం రాదు, సంతకం మటుకు వచ్చు. అందుకని ఏ బ్యాగు ఎవరిదో సుద్దముక్కతో బొమ్మ గీసుకునేది. కళ్ళద్దాల మాస్టారికి రెండు సున్నాలు. పొడుగు నర్సుకి నిలువు గీత. నా పనిముట్ల సంచి మీద ఏం గీసిందో తెలుసా? తెరిచిన నోరు. ఆ మాట తెలిశాక వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు ఆవిడే గోడ మీద టీ గ్లాసు పెట్టి, "తమ్ముడూ, చెవులకి బాగా విశ్రాంతి దొరికింది, ఇక చాలు," అంది.

ఆవిడ పనితనం మాట చెప్పాలి. తోలు పిడి కుట్టాలంటే ముందు ఆరెతో కన్నం పెట్టాలి. ఆరె అంటే చెక్క పిడి ఉన్న లావు సూది. ఆ కన్నంలోంచి మైనం పూసిన దారంతో రెండు సూదులు, ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి, ఎదురెదురుగా దూర్చి లాగాలి. మళ్ళీ కన్నం, మళ్ళీ లాగుడు. కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎడం గోధుమ గింజంత, ఎక్కడా తేడా రాదు. కొలబద్ద లేదు, గీత లేదు, ఒట్టి చెయ్యే. ఒక్క కుట్టు వంకర పోయినా మొత్తం విప్పేసేది. "ఎవడు చూస్తాడక్కా బ్యాగు పిడి అడుగున?" అంటే, "నా చెయ్యి చూస్తుంది కదా," అనేది. వినడానికి ఎంత చిరాకో.

ఆ చెయ్యే దెబ్బ కొట్టింది. ఆరె నొక్కీ నొక్కీ కుడి బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయింది. మొదట రాత్రిళ్ళు నొప్పి అంది. తర్వాత టీ గ్లాసు ఎడం చేత్తో పట్టుకోవడం మొదలెట్టింది. కూతురు ఆసుపత్రిలో ఆయా పని చేస్తుంది, అదే లాక్కెళ్ళి డాక్టరుకి చూపించింది. ఇంకో ఏడాది ఇలాగే చేత్తో తోలు కుడితే ఆ వేలు ఇక వంగదని చెప్పాడాయన. మరి మానేస్తే తినేదేంటి? తోలు కుట్టే మోటారు మిషను ఉంటే వేలితో పన్లేదు, కాలితో తొక్కితే అదే కుట్టుకుపోతుంది. దాని ధర మాట ఎత్తితే మా వరుసలో అందరం నోరు మూసుకునేవాళ్ళం. బ్యాంకుకెళ్ళింది. షాపు కాగితం తెమ్మన్నారు. మెట్ల కిందికి కాగితం ఎవరిస్తారు? బోర్డు ఫొటో తెమ్మన్నారు. బోర్డేదీ? జిప్పులక్క ఎక్కడంటే ఊళ్ళో సగం మంది వేలు చూపిస్తారు, అదే ఆవిడ బోర్డు.

అలాంటప్పుడు మా వరుస చివర జిరాక్స్ షాపు అద్దానికి మునిసిపాలిటీ వాళ్ళు కాగితం అంటించారు. బ్యాంకులు గడప ఎక్కనివ్వని చిన్న చిన్న పనివాళ్ళకి, అందులో ఆడవాళ్ళకి ముందుగా, పనిముట్లు మునిసిపాలిటీయే కొనిస్తుందట. తిరిగి కట్టక్కర్లేదు. షాపు కాగితం లేకపోయినా ఫర్వాలేదు, మనిషొచ్చి చూసి, పని నిజంగా నడుస్తోందని రాసుకుంటే చాలు. నేను మూడుసార్లు చదివాను. ఇంతకాలానికి ఎవడో బుర్రున్నవాడు రాసిన కాగితం అనుకున్నాను.

దరఖాస్తు నా బల్ల మీదే నింపాం. కూతురు రాసింది, అక్క సంతకం పెట్టింది. "ఏం పనిముట్టు కావాలి" అన్న చోట "తోలు కుట్టే మోటారు మిషను" అని రాసి పిల్ల తలెత్తి, "అమ్మా, రంగు కూడా రాయనా?" అని ఆటపట్టించింది. అక్క నవ్వలేదు. చాలా సీరియస్‌గా, "ఏ రంగైనా ఫర్వాలేదని రాయి," అంది. ఎంత ఆశపడిందో నాకు అప్పుడే తెలిసింది.

నెల తిరక్కుండా ఫోనొచ్చింది. గురువారం పొద్దున పదకొండింటికి ఆఫీసరమ్మ చూడ్డానికి వస్తుందని.

ఇక్కడ మా వరుస సంగతి ఒకటి మీకు తెలియాలి. మునిసిపాలిటీ వాళ్ళు వస్తున్నారంటే ఇన్నేళ్ళుగా మాకు ఒకటే అర్థం, సామాను లోపల పెట్టు. జీపు మలుపు తిరిగిందని టీకొట్టతను ఈల వేస్తే, లెక్కపెట్టి ఇరవై అంకెల్లో వీధి మొత్తం ఖాళీ. బయట స్టూలు కనిపించినా, గోడకి సంచి వేలాడినా పట్టుకుపోతారు. విడిపించుకోవడానికి మూడ్రోజులు తిరగాలి. అక్క దగ్గరినుంచి ఒకసారి నాలుగు బ్యాగులు పట్టుకుపోయారు. అవి జనం బ్యాగులు. వాటికోసం ఆవిడ ఎన్ని మెట్లు ఎక్కిందో, ఎంతమందికి దణ్ణాలు పెట్టిందో నాకు తెలుసు.

అందుకని బుధవారం సాయంత్రమే నేను పెత్తనం తీసుకున్నాను. గోడకి సున్నం కొట్టించాను. నేల కడిగించాను. సుద్ద బొమ్మలన్నీ తుడిచేశాను. మేకులకున్న బ్యాగుల్ని చూసి, "ఇవన్నీ తియ్యక్కా," అన్నాను.

"ఎందుకు తమ్ముడూ? పని చూడ్డానికేగా వస్తోంది. పని చూపించొద్దా?" అంది.

ఈ మాట ఆవిడ అంది. నాకు బాగా గుర్తుంది, నా చెవులతో విన్నాను. దానికి నేనేమన్నానో కూడా గుర్తుంది. "నీకేం తెలుసక్కా, నువ్వూరుకో. వాళ్ళ కంటికి సామాను కనబడితే చాలు, ముందు జరిమానా రాస్తారు, తర్వాతే మిషను. మిషను పెట్టడానికి చోటుందా లేదా అని చూస్తారు. శుభ్రంగా, ఖాళీగా కనిపించాలి. ఆఫీసులతో ఎలా ఉండాలో నాకొదిలెయ్," అన్నాను. జిరాక్సాయన కూడా తలూపాడు. మా అందరికీ అదే న్యాయంగా తోచింది. అక్క లేచింది. పదకొండు బ్యాగులు ఒక్కొక్కటే తీసి గోడ మీంచి అందించింది. అన్నీ నా బల్ల కింద తోసి, పైన గోనె కప్పాను. ఒక దాని పిడికి సగం కుట్టి వదిలిన సూది ఇంకా వేలాడుతూనే ఉంది.

గురువారం సరిగ్గా పదకొండింటికి వచ్చింది ఆఫీసరమ్మ. చిన్న వయసు, మంచి మర్యాద. చెప్పులు విప్పాలా అని అడిగింది. తల తగలకుండా వంగి లోపలికెళ్ళి అక్క కూర్చునే పీట మీదే కూర్చుంది. నేను నా వైపు తాళం ఒకటి అరగదీస్తున్నట్టు నటిస్తూ అంతా వింటున్నాను.

"చాలా శుభ్రంగా ఉందండీ," అంది. నేను మీసం మెలేసుకున్నాను.

"ఇప్పుడు చేతిలో పనేమైనా ఉందా?"

అక్క నావైపు చూసింది. నేను వద్దన్నట్టు తలూపాను. దేవుడు సాక్షిగా, వద్దన్నట్టు తలూపాను.

"ఇప్పుడైతే ఏమీ లేదమ్మా," అంది అక్క.

"రోజుకి ఎన్ని బ్యాగులొస్తాయి?"

"ఏదో వస్తుంటాయమ్మా. అలా నడుస్తోంది."

మాలో ఎవర్ని అడిగినా అదే చెప్తాం. పీకలదాకా పని ఉన్నా, ఏదో అలా నడుస్తోందనే అంటాం. బ్రహ్మాండంగా ఉందని నోటితో చెప్పుకునేవాణ్ణి మా వీధిలో మనిషికింద లెక్కెయ్యరు. అది ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది? రాసుకుంది.

ఆ సమయానికే ఒక కాలేజీ అమ్మాయి తెగిన పట్టీ పట్టుకుని మెట్ల దగ్గరికి వస్తోంది. నేను గబగబా బయటికెళ్ళి, "ఇవాళ పని లేదమ్మా, పెద్దవాళ్ళొచ్చారు, రేపు రా," అని వెనక్కి పంపేశాను. పంపి, చాలా తెలివైన పని చేశానని లోపలికొచ్చి కూర్చున్నాను.

ఆఫీసరమ్మ వెళ్ళాక అందరం టీ తాగాం. అక్క బ్యాగులన్నీ మళ్ళీ మేకులకి తగిలించుకుంది. మిషను ఏ మూల పెట్టాలో చూసుకుని అక్కడ నేల మీద సుద్దతో చదరం గీసింది. తర్వాత నలభై రోజులు ఆ చదరంలో కాలు పెట్టలేదు. ఉన్నదే రెండు చాపల చోటు, అందులోనూ పక్కకి జరిగి కూర్చుని కుట్టింది. చెరిగిపోతే మళ్ళీ గీసుకునేది.

ఉత్తరం వచ్చిన రోజు కూతురు డ్యూటీ నుంచి తిన్నగా నా షాపుకే వచ్చింది. కవరు చింపి చదివింది. తనిఖీ సమయంలో వ్యాపారం నడుస్తున్నట్టు ఆధారాలు కనిపించనందున దరఖాస్తు తిరస్కరించడమైనది. పిల్ల రెండోసారి చదవలేదు. నా మొహంలోకి చూసి, "మామయ్యా, ఆ రోజు బ్యాగులన్నీ ఎక్కడ పెట్టారు?" అని అడిగింది.

తల తీసేసినట్టయింది. అక్కే గోడ అవతల్నుంచి, "అందరం కలిసే పెట్టాంలే, వాణ్ణనకు," అంది.

నేను ఊరుకునే రకం కాదు కదా. మర్నాడే ఆఫీసుకెళ్ళాను. వెళ్ళేదాకా నాకు కోపమే. ఆ ఆఫీసరు పిల్ల మీద, ఉత్తరం రాసినవాడి మీద, ఆ కుర్చీల మీద. హాల్లో నిలబడి అరిచాను. ఇరవై రెండేళ్ళుగా ఊరి బ్యాగులన్నీ కుట్టిన మనిషికి వ్యాపారం లేదని ఎలా రాశారని. ఆఫీసరమ్మ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఫైలు తీసి తను రాసింది నాకే చూపించింది. చేతిలో పని, లేదు. కొట్టులో సరుకు, లేదు. తనిఖీ సమయంలో వచ్చిన ఖాతాదారులు, లేరు.

"పదకొండు బ్యాగులున్నాయమ్మా. నా బల్ల కింద దాచాం," అన్నాను.

ఆ పిల్ల ఫైలు పక్కన పెట్టింది. "ఎందుకు దాచారండీ?" అంది.

మీరొస్తున్నారంటే దాచడమే మాకు తెలుసని చెప్పాను. అప్పటికి నా గొంతులో కోపం మిగల్లేదు.

"ఆవిణ్ణి చూస్తేనే పనిమంతురాలని తెలుస్తోంది. నాకూ ఇవ్వాలనే ఉండింది. కానీ కంటితో చూసిందే రాయాలి. ఒక్క బ్యాగు కనిపించినా రాసేదాన్నండీ," అంది. కళ్ళు తుడుచుకుంది కూడా. మిషన్లన్నీ ఇచ్చేశారట, ఈ ఏటికి నిధులు అయిపోయాయట. వచ్చే ఏడాది మళ్ళీ పెట్టుకోమని, తనే దగ్గరుండి చూస్తానని చెప్పింది. వచ్చే ఏడాదికి వేలుండాలి కదా తల్లీ అన్నాను. ఆ పిల్లని తిట్టలేకపోవడం ఇంకా కష్టమైంది నాకు.

వేలు వచ్చే ఏడాది దాకా ఆగలేదు. వానాకాలం మొదట్లోనే బిగుసుకుపోయింది. కూతురు, "అమ్మా, ఇక చాలు. నా జీతం మనిద్దరికీ సరిపోతుంది. ఇంట్లో కూర్చో," అంది. అక్క ఎదురు చెప్పలేదు, కొత్త పని ఒప్పుకోవడం మానేసింది. చేతిలో ఉన్నవి మటుకు పూర్తిచేసి ఇస్తానంది. ఒప్పుకున్నవి మధ్యలో వదిలితే నిద్ర పట్టదంది. రోజుకో బ్యాగు, తర్వాత రెండ్రోజులకో బ్యాగు. మేకులు ఖాళీ అవుతూ వచ్చాయి. కొత్తవాళ్ళు వస్తే నేనే వెనక్కి పంపేవాణ్ణి, ఈసారి నిజంగానే.

చివరికి ఒక్కటి మిగిలింది. మందుల కంపెనీ ఆయనది. ఊళ్ళు తిరిగే ఉద్యోగం, ఆర్నెల్లకోసారి ఇటొస్తాడు, తొందరేమీ లేదని పోయినసారి ఇచ్చి వెళ్ళాడు. నా బల్ల కింద దాచినప్పుడు పిడికి సూది వేలాడిందే, అదే బ్యాగు. ఒక వైపు అక్క ఎప్పుడో కుట్టేసింది. రెండో వైపు పద్నాలుగు కన్నాలు బాకీ. శనివారం వస్తున్నానని ఆయన ఫోన్ చేశాడు.

శుక్రవారం అక్క ఆరె పట్టుకుంది. నొక్కింది. వేలు వంగక ఆరె జారి కింద పడింది. మళ్ళీ తీసుకుంది, మళ్ళీ పడింది. మూడోసారి నేను గోడ దాటి వెళ్ళి తీశాను. ఆవిడ ఏడుస్తోంది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఏడవడం నేను చూడలేదు, మొగుడు పోయినప్పుడు కూడా పని దగ్గర ఏడవలేదు.

"నువ్వు కుట్టు తమ్ముడూ. నేను చెప్తా," అంది.

నా వేళ్ళు ఇనుముకి అలవాటు పడ్డవి. తోలు నా మాట వినలేదు. ఆవిడ పక్కన కూర్చుని, ఇంకొంచెం ఇటు, ఇప్పుడు గట్టిగా లాగు, అంత కాదు, అని చెప్తూనే ఉంది. పద్నాలుగు కన్నాలకి మధ్యాహ్నమంతా పట్టింది. అయ్యాక చూస్తే ఒక కుట్టు పొట్టి, ఒకటి పొడుగు, వరుస పాములా తిరిగింది. నాకే సిగ్గేసింది. "విప్పేసి మళ్ళీ కుడతానక్కా," అన్నాను. ఇంకెవరైనా అలా కుట్టి ఉంటే వాళ్ళ చేతిలోంచి లాక్కుని విప్పేసేది. ఆ పిడిని వేలితో తడిమి, "గట్టిగానే ఉంది. ఉండనీ," అంది.

శనివారం ఆయనొచ్చాడు. ఇరవై ఏళ్ళ ఖాతా. బ్యాగు ఎత్తి చూసుకుని, అలవాటుగా పిడి అడుగున వేలు పోనిచ్చాడు. ఒక వైపు పోనిచ్చాడు, రెండో వైపు ఆగిపోయాడు. తిప్పి చూశాడు. తర్వాత అక్క వైపు చూశాడు.

"ఇది మీ కుట్టు కాదు కదండీ?"

నేను నోరు తెరిచాను. నేనే కుట్టానని, తిట్టేదేదో నన్ను తిట్టమని చెప్పేవాణ్ణే. అక్క నాకంటే ముందే మాట్లాడింది. కుడి చెయ్యి కొంగు కింద పెట్టుకుని, "నాదేనండీ. ఈమధ్య చెయ్యి బాగా పాడైపోయింది. ఏమీ అనుకోకండి," అంది.

ఆయన మంచివాడు. "ఫర్వాలేదు లెండి, ఇన్నేళ్ళలో ఇదొక్కటేగా," అని బ్యాగు భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు.

"ఎందుకక్కా అలా చెప్పావు?" అన్నాను. ఆవిడ రన్నర్ల సీసాలకి మూతలు పెడుతోంది. "నీకసలే కోపమెక్కువ. ఆయనేదో అంటాడు, నువ్వేదో అంటావు. ఎందుకొచ్చిన గొడవ," అంది. బిస్కెట్ల డబ్బా తీసి నా చేతిలో పెట్టింది, ఎవరైనా వచ్చి అడిగితే ఇవ్వమని.

సాయంత్రం కూతురొచ్చి అక్కని తీసుకెళ్ళింది. మెట్ల కింద నేల మీద సుద్ద చదరం ఇంకా ఉంది. ఇప్పుడక్కడ మేడ వాళ్ళ నీళ్ళ డబ్బాలు పెడుతున్నారు. మందుల కంపెనీ ఆయన ఆ బ్యాగు మోస్తూ ఏ ఊళ్ళో తిరుగుతున్నాడో. ఎవరైనా ఆ పిడి తిప్పి చూసి ఎవరు కుట్టారండీ ఇలా అని అడిగితే, ఆయన జిప్పులక్క పేరే చెప్తాడు.